ఆటలో చస్తే నిజంగా చావాలా?

అమలాపురం నుంచి ఒక తమ్ముడి ప్రశ్న: వర్చువల్ ప్రపంచం సినిమాల్లో ఆటలో చస్తే నిజంగానే ఎందుకు చస్తారు?

అది టెక్నాలజీ కాదు, కథకుడి అవసరం. సంక్రాంతికి భీమవరం వైపు పందెం కాయకుండా కోళ్లను బరిలోకి వదిలితే ఎంతమంది నిలబడి చూస్తారు? ‘ది మ్యాట్రిక్స్’ (1999)లో మనసు లేకుండా శరీరం బతకదని ఒక్క మాటలో సర్దేశారు. 2017 నాటి ‘జుమాంజీ’ తలా మూడు ప్రాణాలిచ్చింది. మొదటి చావుకు నవ్వుతాం, చివరిదానికే టెన్షన్. నాకు నచ్చింది ‘రెడీ ప్లేయర్ వన్’ (2018) పద్ధతి. అక్కడ చస్తే కూడబెట్టిన నాణేలు, ఆయుధాలు పోతాయి, మనిషి బతికే ఉంటాడు. అందుకే విలన్ ఆట బయటికొచ్చి హీరో ఉండే ఇంటినే పేల్పిస్తాడు.

ఇప్పుడు మనం తలకు తగిలించుకుని ఆడే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్లతో చస్తామా? మహా అయితే తల తిరుగుతుంది: కళ్లు కదులుతున్నామంటాయి, లోపలి చెవి లేదంటుంది.