ఆకులే తప్ప పూలు లేవు!

ప్రశ్న: తేనెటీగల కోసం అడవిపూల విత్తనాలు రెండుసార్లు చల్లాను. మొదటిసారి దాదాపు ఏవీ మొలవలేదు. రెండోసారి మొక్కలు ఏపుగా పెరిగాయి, పూలు మాత్రం నాలుగే. పొరపాటు ఎక్కడ?

జవాబు: మొదటిసారి విత్తనాలను లోతుగా పూడ్చి ఉంటారు. పాపీ (గసగసాల జాతి పూలమొక్క) గింజ ఇసుక రేణువంతే ఉంటుంది, మొలవాలంటే వెలుతురు కావాలి. నేను గుప్పెడు విత్తనాలకు నాలుగు గుప్పెళ్ల పొడి ఇసుక కలిపి చల్లుతాను. ఎక్కడ పడ్డాయో ఇసుకే చూపిస్తుంది. పైన మట్టి కప్పను, అరచేత్తో అదుముతానంతే. నీళ్లు సన్నటి జల్లుగా పోయాలి. ఒకసారి పైపు పెట్టి వదిలితే నా విత్తనాలన్నీ కొట్టుకుపోయి ఒక మూలన గుత్తిగా మొలిచాయి!

రెండోసారి ఎరువు వేశారు కదూ? నేనూ వేశాను. కాస్మోస్ నా తల దాటి పెరిగి, మొగ్గ తొడగకుండానే గాలివానకు పడిపోయింది. వీటికి బలం లేని నేలే నయం. కలుపు మాత్రం ముందే తీసేయండి.

రకాల్లో ముద్దపూలు వద్దు, ఒంటిరేక పూలే తీసుకోండి. ముద్దపూల రేకుల మధ్య తేనెటీగకు దారి దొరకదు, చాలావాటిలో మకరందమూ తక్కువే. విత్తనాలన్నీ ఒకేసారి చల్లకండి. సగం దాచి మూడు వారాల తర్వాత వేయండి. పురుగుమందు జోలికి అసలు వెళ్లొద్దు.