కొండ ఊళ్లకు టీవీ పాఠాలు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా విశ్వవిద్యాలయం దూరవిద్య పాఠాలను టీవీలో ప్రసారం చేస్తోంది. ఇప్పుడు పాడేరు చుట్టుపక్కల గూడేలకూ అందించాలంటున్నారు. కొత్త ఛానల్ పెట్టాలా? చుట్టూ కొండలే, సిగ్నల్ అసలు అందుతుందా?
– అధ్యయన కేంద్రం సమన్వయకర్త, అల్లూరి సీతారామరాజు జిల్లా

ఛానళ్లకు కొరత లేదు. కేంద్ర ప్రభుత్వం నడిపే విద్యా ఛానళ్ల సముదాయం స్వయంప్రభ 2017 జులై 9న 32 ఛానళ్లతో మొదలై, తర్వాత ఇంకా పెరిగింది. వాటిని గాంధీనగర్‌లోని బైసాగ్ అనే ప్రభుత్వ సంస్థ నుంచి జీశాట్-15 ఉపగ్రహానికి పంపుతారు. డీడీ ఫ్రీ డిష్ కూడా ఆ ఉపగ్రహం మీదే ఉంది కాబట్టి రెండింటికీ ఒక్క డిష్ చాలు. ఉపగ్రహానికి ప్రసారం పంపే సొంత (అప్‌లింక్) కేంద్రమంటే యంత్రాల ఖర్చుతో పోయేది కాదు, అనుమతులకే ఏళ్లు గడుస్తాయి. ఇప్పటికే నడుస్తున్న ఛానల్‌లో రోజుకు కొన్ని గంటలు అడిగి తీసుకోండి. మిగిలిన డబ్బు ఊళ్లో డిష్‌కు, కరెంటుకు, వాటిని చూసుకునే మనిషికి పెట్టండి. విస్తరణ ఆగిపోయేది ఎప్పుడూ ఆ చివరే.

ఇక కొండల సంగతి. సెల్ టవర్ సిగ్నల్‌కు కొండ అడ్డమే. జీశాట్-15 మాత్రం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. పాడేరు నుంచి చూస్తే అది నేలకు 65 డిగ్రీల ఎత్తున, ఆగ్నేయం నుంచి కాస్త దక్షిణానికి జరిగి (ఉత్తరం నుంచి సవ్యదిశలో 148 డిగ్రీలు) కనిపిస్తుంది. అంత ఎత్తుకు అడ్డొచ్చే కొండ అరుదు. అసలు అడ్డం చెట్లే. 10 మీటర్ల చెట్టుకు 5 మీటర్ల ఎడంగా డిష్ పెడితే సరిపోతుంది. అయితే ఎండాకాలంలో మోడుగా ఉన్న కొమ్మ ఆషాఢానికి ఆకులేసి దారి మూస్తుందని గుర్తుంచుకోండి. ఆదిలాబాద్ వైపు వారికి లెక్క కొద్దిగా మారుతుంది: ఉట్నూరులో ఎత్తు 62, దిక్కు 142 డిగ్రీలు.

ప్రశ్న: బాక్స్‌లో స్ట్రెంగ్త్ 80 చూపిస్తోంది, బొమ్మ మాత్రం రావడం లేదు. కొన్ని ఊళ్లలో వర్షం పడితే పోతోంది. ఎక్కడ చూడాలి?
– జూనియర్ అధ్యాపకుడు, అరకులోయ

స్ట్రెంగ్త్‌ను నమ్మకండి. ఎల్‌ఎన్‌బికి (డిష్ ముందు ఉండే, సిగ్నల్ పట్టే పరికరం) కరెంటు అంది, కేబుల్ బాగుంటే చాలు, డిష్ ఎటు తిరిగి ఉన్నా ఆ అంకె ఎక్కువే చూపిస్తుంది. చూడాల్సింది క్వాలిటీ. పక్కనే 95 డిగ్రీల దగ్గర ప్రైవేటు డీటీహెచ్ ఉపగ్రహం ఉంది. డిష్ పొరపాటున దాని వైపు తిరిగి ఉండొచ్చు. తేడా ఒకటిన్నర డిగ్రీ, అంటే డిష్ అంచు దగ్గర ఒక సెంటీమీటరు కదలిక.

ముందు స్తంభం నిలువుగా ఉందో లేదో మేస్త్రి తూకం గుండుతో చూడండి. అది వాలితే డిష్ మీది ఎత్తు కొలత మొత్తం తప్పే. తర్వాత ఎత్తును 65 దగ్గర బిగించి, డిష్‌ను పక్కకు కొద్దికొద్దిగా తిప్పండి. తిప్పిన ప్రతిసారీ 3 సెకన్లు ఆగాలి, ఎందుకంటే బాక్స్ మీటర్ వెనకబడి చూపిస్తుంది. క్వాలిటీ పలికాక ఎత్తును, చివరికి ఎల్‌ఎన్‌బి మెలికను సరిచేయండి. మెలిక అంటే ఎల్‌ఎన్‌బిని ఉన్నచోటే పక్కకు తిప్పే కోణం, మన దగ్గర అది దాదాపు 30 డిగ్రీలు. చాలామంది మెకానిక్‌లు దాన్ని నిటారుగానే వదిలేస్తారు, దాంతో కొన్ని ఛానళ్లు సరిగా రావు. మామూలుగా వాడేది ఆఫ్‌సెట్ డిష్ (ఎల్‌ఎన్‌బి నడిమధ్యలో కాక కిందివైపు ఉండే రకం) కాబట్టి అది ఆకాశాన్ని అంతగా చూస్తున్నట్టు కనిపించదు. కంగారుపడి పైకెత్తకండి.

వానకు పోతోందంటే 60 సెం.మీ. డిష్ తీసి 90 సెం.మీ.ది పెట్టండి. దాదాపు మూడున్నర డెసిబెల్‌ల లాభం ఉంటుంది. కుండపోతకు అదీ ఆగదు, మామూలు వానకు నిలుస్తుంది. పెద్ద డిష్‌కు గాలి పోటు ఎక్కువ, గురి మరింత సన్నం. అందుకే స్తంభాన్ని కాంక్రీటులో నాటాలి. వాన వెలిశాక కూడా బొమ్మ రాకపోతే నీళ్లు కనెక్టర్‌లోకి దిగాయన్నమాట. ఎల్‌ఎన్‌బి దగ్గర కేబుల్‌ను కిందికి ఓ వంపు తిప్పి బిగించి, కనెక్టర్‌కు రబ్బరు టేపు చుట్టండి. కొన్ని ఛానళ్లు ఎప్పుడూ రాకపోతే బాక్స్ పాత ఎంపెగ్-2 (వీడియోను కుదించే పాత పద్ధతి) రకం కావచ్చు. విద్యా ఛానళ్లకు ఎంపెగ్-4 బాక్స్ కావాలి.

మార్చి రెండో వారంలో, మళ్లీ సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో, ఉదయం 11 గంటల ప్రాంతంలో కొన్ని నిమిషాలు బొమ్మ చెదురుతుంది. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి రావడమే కారణం. ఆ రోజుల్లో డిష్ ముట్టుకోకండి. కదిపి చెడగొట్టుకున్న చోట్లే ఎక్కువ.

ప్రశ్న: కరెంటు సరిగా ఉండని గూడెంలో సోలార్‌తో టీవీ నడపాలంటే ఎంత కావాలి?
– పంచాయతీ కార్యదర్శి, చింతపల్లి

32 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ 50 వాట్లు, బాక్స్ 10 వాట్లు అనుకోండి. రోజుకు 4 గంటలంటే 240 వాట్-అవర్లు, ఇన్వర్టర్ నష్టం కలిపి 300. ముసురు పట్టిన రెండు రోజులకూ ఆగాలంటే 12 వోల్టులు, 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ కావాలి, సగానికి మించి వాడకూడదు. 200 వాట్ల ప్యానెల్, 20 ఆంపియర్ల ఛార్జ్ కంట్రోలర్ పెట్టండి.

కాగితం మీద ఇది చక్కగా నడుస్తుంది. ఊళ్లో దెబ్బతీసేది ఫోన్లు. పది ఫోన్లు పూర్తిగా ఛార్జ్ చేస్తే 200 వాట్-అవర్లకు పైనే పోతాయి, అంటే దాదాపు ఆ రోజు పాఠమంత. వద్దంటే ఎవరూ వినరు, వినాలనుకోవడం కూడా న్యాయం కాదు. ఫోన్లకు విడిగా 100 వాట్ల ప్యానెల్, చిన్న బ్యాటరీ మొదటి అంచనాలోనే రాయండి.

ప్రశ్న: పాఠాలు వస్తున్నాయి కానీ చూసేవారు తగ్గుతున్నారు. వేళలు మార్చాలా, పాఠాలు మార్చాలా?
– దూరవిద్య విద్యార్థి సహాయకురాలు, ఉట్నూరు

రెండూ. 1975-76లో సైట్ (ఉపగ్రహ టీవీ బోధన) ప్రయోగం ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు ఉపగ్రహ టీవీని అందించినప్పుడు ఉదయం పిల్లలకు, సాయంత్రం పెద్దలకు ప్రసారాలు విడదీశారు. వేళ ముఖ్యమని అప్పుడే తెలుసు. స్వయంప్రభలో 4 గంటల కొత్త కార్యక్రమాన్ని రోజులో మరో 5 సార్లు వేస్తారు. అంటే ఉదయం 7 గంటల పాఠం 11కు, 3కు, రాత్రి 7కు మళ్లీ వస్తుంది. మీ పాఠాలకూ ఆ పద్ధతి అడగండి. సంత రోజు పగలు ఎవరూ రారు, పోడు పనుల కాలంలో రాత్రి 7 ఒక్కటే పనికొస్తుంది.

పాఠం విషయానికొస్తే, ఇంగ్లిష్ స్లైడ్‌లు చూపిస్తూ తెలుగులో చదవడం పాఠం కాదు. అక్షరం ఎత్తు తెరలో కనీసం పదహారో వంతు ఉండాలి. అంతకన్నా చిన్నదైతే 4 మీటర్ల దూరంలో కూర్చున్నవారికి ఒత్తులు, గుడులు కలిసిపోతాయి. ఒక్క తెరపై 6 వరుసలు మించనివ్వకండి, అంచుల్లో పదో వంతు ఖాళీ వదలండి. పాత టీవీలు అంచులు కోసేస్తాయి. వారానికి ఒక గంట ప్రత్యక్ష సందేహాల కార్యక్రమం పెట్టండి. సెల్ సిగ్నల్ లేని ఊరి ప్రశ్నలు కాగితం మీద రాయించి, సంత రోజు కేంద్రానికి చేర్చి ముందే స్టూడియోకు పంపండి. ప్రసారంలో ప్రశ్న కన్నా ముందు ఊరి పేరు చదవమనండి.