గ్రంథి పెరిగితే, అదే గ్రంథి హార్మోన్ ఎందుకు?

ప్రశ్న: మా పాపకు పుట్టిన రెండో వారంలో కంజెనిటల్ ఎడ్రినల్ హైపర్‌ప్లేసియా ఉన్నట్లు తేలింది. మూత్రపిండాల పైన ఉండే ఎడ్రినల్ గ్రంథులు అతిగా పెరిగాయని చెబుతూనే, ఆ గ్రంథులు తయారుచేసే హార్మోన్‌నే జీవితాంతం మాత్రల రూపంలో వేయాలంటున్నారు. ఇదెలా సబబు? ఈ చికిత్సకు లాసన్ విల్కిన్స్ అనే అమెరికన్ వైద్యుడు ఆద్యుడని విన్నాను. ఆయన పరిశోధన గురించి కూడా చెప్పగలరు.
— ఒక తల్లి

జవాబు: ముందుగా మీ సందేహం తీరుస్తాను. ఈ వ్యాధిలో ఎడ్రినల్ చేయాల్సిన కార్టిసాల్ అనే హార్మోన్ తయారీకి అవసరమైన ఒక ఎంజైమ్, చాలామందిలో 21-హైడ్రాక్సిలేజ్, పుట్టుకతోనే లోపిస్తుంది. కార్టిసాల్ అందకపోవడంతో మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి ఎడ్రినల్‌ను పనిచేయమని పదేపదే ప్రేరేపిస్తుంది. ఆ ఒత్తిడికి ఎడ్రినల్ పెరుగుతుంది గానీ కార్టిసాల్ చేయలేక, ముడిపదార్థాన్ని మగ హార్మోన్లుగా మారుస్తుంది. అంటే ఆ పెరుగుదల లోపానికి గుర్తే తప్ప బలానికి కాదు. కార్టిసాల్‌ను బయటినుంచి అందిస్తే పిట్యూటరీ శాంతిస్తుంది, మగ హార్మోన్లు తగ్గుతాయి.

ఇక విల్కిన్స్ సంగతి. 1894లో బాల్టిమోర్‌లో వైద్యుడి కుమారుడిగా పుట్టిన ఆయన, అదే ఊళ్లో ఏళ్ల తరబడి మామూలు పిల్లల డాక్టరుగా ప్రాక్టీసు చేశారు. 1935లో జాన్స్ హాప్కిన్స్ పిల్లల విభాగాధిపతి ఎడ్వర్డ్స్ పార్క్ కోరిక మేరకు అక్కడి పిల్లల ఆసుపత్రి హ్యారియట్ లేన్ హోమ్‌లో హార్మోన్ సమస్యల క్లినిక్ ప్రారంభించారు. నిరూపణ లేని గ్రంథి సారాలు విరివిగా అమ్ముడవుతున్న ఆ కాలంలో హార్మోన్ వైద్యమంటే గంభీరమైన వైద్యులకు అనుమానమే. ఆయన ప్రాక్టీసు మానకుండానే క్లినిక్ నడిపి, 1946లో గానీ పూర్తికాల పరిశోధకుడు కాలేదు. ఒకే బిడ్డను ఏళ్ల తరబడి గమనించే ప్రాక్టీసు అలవాటే ఆయన పరిశోధనకు ప్రాణమని నేను నమ్ముతాను.

ఆయన 1940లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకుడు కర్ట్ రిక్టర్‌తో కలిసి ప్రచురించిన ఒక బాలుడి కథ చదివితే మనసు కలుక్కుమంటుంది. మూడున్నరేళ్ల ఆ పిల్లవాడు పసితనం నుంచీ ఉప్పు కోసం తపించేవాడు. మొదట నేర్చిన కొద్ది మాటల్లో ఉప్పు ఒకటి. వయసుకు మించిన శారీరక ఎదుగుదల కనిపించిందని ఆసుపత్రిలో చేర్చారు. అక్కడి మామూలు ఆహారంలో అతనికి కావలసినంత ఉప్పు లేకపోవడంతో వారం రోజులకే కన్నుమూశాడు. ఎడ్రినల్ దెబ్బతిన్న శరీరం ఉప్పును నిలుపుకోలేదని, ఆ బిడ్డ తన ప్రాణాన్ని తానే కాపాడుకుంటూ వచ్చాడని ఆ మరణం తర్వాతే అర్థమైంది. ఎలుకల ఎడ్రినల్ గ్రంథులు తీసేస్తే అవి ఉప్పు ఎక్కువగా తింటాయని రిక్టర్ అంతకుముందే చూపించారు. తల్లి చెప్పే చిన్న వివరాన్ని సైతం వైద్యుడు కొట్టిపారేయరాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం నాకు అక్కరలేదు.

కీళ్లవాతానికి కార్టిసాల్‌ను పోలిన కార్టిసోన్ అనే మందు పనిచేస్తుందని 1949లో వెల్లడైన వెంటనే విల్కిన్స్ దాన్ని ఈ వ్యాధిలో ప్రయత్నించారు. మగ హార్మోన్ల ఉత్పత్తి తగ్గినట్లు మూత్ర పరీక్షల్లో తేలింది. 1950లో ఆ ఫలితాలు ప్రచురితమయ్యాయి. బోస్టన్‌లో ఫుల్లర్ బార్టర్ బృందం కూడా దాదాపు అదే సమయంలో అదే నిర్ణయానికి వచ్చింది కనుక ఘనత ఒక్కరిదే అనడం న్యాయం కాదు. పిల్లల హార్మోన్ వ్యాధులపై విల్కిన్స్ పాఠ్యగ్రంథం కూడా ఆ ఏడాదే వెలువడింది. ఆయన దగ్గర శిక్షణ పొందిన మెల్విన్ గ్రుంబాక్, జడ్సన్ వాన్ వైక్, రాబర్ట్ బ్లిజర్డ్, క్లాడ్ మిజియన్ తర్వాతి తరానికి గురువులయ్యారు. ఆయన 1963లో మరణించారు.

అయితే ఈ మగ హార్మోన్ల ప్రభావం వంటి కారణాలతో జననాంగాలు భిన్నంగా ఉన్న శిశువులకు తొందరగా శస్త్రచికిత్స చేయాలన్న ఆనాటి హాప్కిన్స్ విధానాన్ని, అది అనుభవించి పెద్దయినవారే తర్వాత గట్టిగా ప్రశ్నించారు. వారి మాట వినాలి. అత్యవసరం కానిచోట తొందరపడకుండా, మీరు నిపుణులతో వివరంగా చర్చించండి.

మాత్రలను మాత్రం ఒక్క పూట కూడా మానవద్దు. జ్వరం వచ్చినప్పుడు హైడ్రోకార్టిసోన్ (మందు రూపంలోని కార్టిసాల్) మోతాదును ఎంత పెంచాలో డాక్టరు చేత ముందే రాయించుకుని ఉంచుకోండి. వాంతులై మాత్ర నిలవకపోతే ఇంజెక్షన్ అవసరమవుతుంది కనుక, తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.