లక్షన్నర అప్పు చేసి మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ కొనవచ్చా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. ఖమ్మంలో ఒక ప్రైవేటు పాఠశాలలో సంగీతం నేర్పుతున్నాను. జీతం 22 వేలు. ఇంట్లోనే చిన్న స్టూడియో పెట్టుకుని పెళ్లి పాటలు, భక్తి గీతాలు, షార్ట్ ఫిల్ములకు నేపథ్య సంగీతం చేస్తుంటాను. దానిపై ఏడాదికి లక్షన్నర దాకా వస్తుంది. ప్రస్తుతం మిత్రుడు ఎక్కించి ఇచ్చిన ఎఫ్‌ఎల్ స్టూడియో (పాటలు కట్టే సాఫ్ట్‌వేర్) కాపీ వాడుతున్నాను. దాని అసలు లైసెన్సులో అన్నిటికన్నా పెద్ద ఎడిషన్, కాంటాక్ట్ (కంప్యూటర్లో వాయిద్యాలు పలికించే సాఫ్ట్‌వేర్)తో వచ్చే వర్చువల్ వాయిద్యాల బండిల్, లూపుల (పాటలో వాడుకునే తయారు శబ్దాల ముక్కల) చందా అన్నీ కలిపి లక్షన్నర అవుతాయి. బ్యాంకు 16 శాతం వడ్డీకి మూడేళ్ల వ్యక్తిగత రుణం ఇస్తానంటోంది. చేతిలో 60 వేలు ఉన్నాయి. తీసుకోమంటారా?

జవాబు: అప్పు వద్దు. అసలు లైసెన్సు మాత్రం తప్పకుండా కొనండి, అదీ ఈ ఏడాదే. ఈ రెండింటినీ మీరు ఒకే ముడి వేసి చూస్తున్నారు. ముందు దాన్ని విప్పుదాం.

లక్షన్నరకు 16 శాతం చొప్పున మూడేళ్ల పాటు నెలకు సుమారు 5,270 రూపాయలు కట్టాలి. వడ్డీయే దాదాపు 40 వేలు అవుతుంది. మీ స్టూడియో రాబడి సగటున నెలకు 12,500 అని కాగితం మీద కనిపిస్తుంది కానీ, పెళ్లి పాటల సంపాదన అలా నెలనెలా సమానంగా రాదని నాకన్నా మీకే బాగా తెలుసు. మాఘంలో, శ్రావణంలో ఊపిరి సలపనంత పని ఉంటుంది. ఆషాఢంలో, మూఢంలో ఫోను మోగదు. వాయిదా మాత్రం మూఢమని ఆగదు. ఆ నెలల్లో అది మీ 22 వేల జీతంలోంచే, అంటే ఇంటి ఖర్చుల్లోంచే పోతుంది.

ఇక ధర సంగతి. వెబ్‌సైటులో కనిపించే అంకె మీరు కట్టే మొత్తం కాదు. 200 డాలర్ల సాఫ్ట్‌వేర్‌నే తీసుకోండి. డాలరు 90 రూపాయలు అనుకుంటే 18,000. విదేశీ కంపెనీ భారతీయ వినియోగదారుడి దగ్గర 18 శాతం జీఎస్టీ వసూలు చేస్తే 21,240 అవుతుంది. మీ క్రెడిట్ కార్డు విదేశీ చెల్లింపులపై 3.5 శాతం రుసుము వేసేదైతే మరో 743, ఆ రుసుము మీద మళ్లీ జీఎస్టీ 134. మొత్తం 22,100 దాటింది. మీ లక్షన్నర లెక్కలో ఇవన్నీ ఉన్నాయా? బిల్లు చెల్లించే పేజీ దాకా వెళ్లి, పన్నుతో కలిపి ఎంత చూపిస్తుందో రాసుకోండి. విదేశీ రుసుము తక్కువ ఉన్న కార్డు ఇంట్లో ఎవరి దగ్గరైనా ఉందేమో అడగండి. ఈ ఖర్చు చూపిస్తే పన్ను ఆదా అవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. జీతం, స్టూడియో రాబడి కలిపినా మీ ఆదాయం నాలుగు లక్షల పై చిల్లర. కొత్త విధానంలో 12 లక్షల దాకా రిబేటు ఉంది కాబట్టి మీరు కట్టే పన్నే లేదు. సేవలకు జీఎస్టీ నమోదు పరిమితి 20 లక్షలు. మీరు నమోదు కాలేదు గనుక కట్టిన జీఎస్టీ కూడా తిరిగి రాదు. అంటే ప్రతి రూపాయీ పూర్తిగా మీ జేబులోదే.

60 వేలలో 40 వేలను కదపకండి, అది ఇంటికి ఆపద నిధి. మిగిలిన 20 వేలే ఈ ఏడాది మీ బడ్జెట్. అందులో మొదట కొనాల్సింది పాట కట్టే ప్రధాన సాఫ్ట్‌వేర్. మీ చేతికి ఎఫ్‌ఎల్ స్టూడియో అలవాటైంది కాబట్టి దాన్ని మార్చమనను. అయితే అన్నిటికన్నా పెద్ద ఎడిషన్ అక్కర్లేదు. గాయనీ గాయకుల గొంతు రికార్డు చేయాలి కాబట్టి అందుకు వీలున్న ప్రొడ్యూసర్ ఎడిషన్ మీకు చాలు. ఒకసారి కొంటే తర్వాతి వెర్షన్లు జీవితాంతం ఉచితం. పైమెట్టు కావాలనుకున్నప్పుడు తేడా కట్టి మారవచ్చు. దానికీ డబ్బు చాలదనుకుంటే రీపర్ అనే మరో సాఫ్ట్‌వేర్ ఉంది. 60 రోజులు ఉచితంగా పరీక్షించి చూడవచ్చు. ఏడాదికి 20 వేల డాలర్లు మించని రాబడి ఉన్నవారికి లైసెన్సు 60 డాలర్లే. అయితే కొత్త సాఫ్ట్‌వేర్ చేతికి అలవాటయ్యే దాకా పని నెమ్మదిస్తుంది. పెళ్లిళ్ల కాలంలో ఆ ప్రయోగం చేయకండి. ఇంకో మాట. మీరు బోధించే వృత్తిలో ఉన్నారు. చాలా కంపెనీలు విద్యార్థులతో పాటు ఉపాధ్యాయులకూ తగ్గింపు ధర ఇస్తాయి. పాఠశాల గుర్తింపు కార్డుతో అడగండి. ఆ లైసెన్సుతో చేసిన పనికి డబ్బు తీసుకోవచ్చా అన్న షరతు మాత్రం చదివాకే కట్టండి.

మిత్రుడి కాపీ గురించి కటువుగా చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి. మీరు దాని మీద సంపాదిస్తున్నారు. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని ఆ ఫైలుతో పాటు ఏ వైరస్ వచ్చిందో తెలియదు. ముహూర్తం రేపనగా ప్రాజెక్టు తెరుచుకోకపోతే ఎవరికి ఫిర్యాదు చేస్తారు? అడ్వాన్సు వాపసు ఇవ్వాల్సింది మీరే.

వర్చువల్ వాయిద్యాల దగ్గరే ఎక్కువ డబ్బు జారిపోతుంది. కాంటాక్ట్ ప్లేయర్ ఉచితం. కానీ మార్కెట్లో దొరికే ఎన్నో లైబ్రరీలకు (వాయిద్యాల రికార్డు శబ్దాల సంకలనాలకు) పూర్తి కాంటాక్ట్ కావాలి, అది ఖరీదైనది. కాబట్టి లైబ్రరీ ధర చూసే ముందు అది ఏ వెర్షన్‌లో పనిచేస్తుందో చూడండి. తర్వాత దాని పరిమాణం చూడండి. స్పిట్‌ఫైర్ వారి బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా లైబ్రరీనే తీసుకుంటే, చిన్నదైన డిస్కవర్ 200 ఎంబీ దగ్గర ఉంటుంది. పెద్దదైన ప్రొఫెషనల్ 600 జీబీ దాకా పోతుంది. అలాంటిది కొంటే వెంటనే ఎస్‌ఎస్‌డీ, ఆపైన ర్యామ్, చివరికి కొత్త ల్యాప్‌టాప్ అంటూ ఖర్చు వరస కడుతుంది. షార్ట్ ఫిల్ములకు డిస్కవర్, అదే సంస్థ ఉచితంగా ఇచ్చే ల్యాబ్స్, సింథ్ (ఎలక్ట్రానిక్‌గా పుట్టించే శబ్దాల) కోసం ఉచిత వైటల్ చాలా దూరం వస్తాయి. వీటితో చేయలేక ఏ పని వదులుకున్నారో ఒక పుస్తకంలో రాసుకోండి. ఆరు నెలల తర్వాత ఆ పేజీ ఖాళీగా ఉంటే బండిల్ అవసరం లేదన్నమాట.

పెళ్లి పాటలో నాదస్వరం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గమకాలు, జారుడు పలికించడంలో శాంపిళ్లు (రికార్డు చేసి పెట్టిన వాయిద్య శబ్దాలు) ఇప్పటికీ తేలిపోతాయి. ఆ లైబ్రరీకి పెట్టే డబ్బుతో మీ జిల్లాలోనే ఒక నాదస్వర విద్వాంసుణ్ణి గంటసేపు పిలిచి వాయించుకోండి. ఆ పారితోషికాన్ని పాట కొటేషన్‌లోనే విడిగా చూపండి. అసలు వాయిద్యం అంటే పెళ్లివారు సంతోషంగా ఇస్తారు. మీ పాట పక్కవాళ్ల పాటకన్నా వేరుగా వినిపిస్తుంది, ధర పెంచడానికి కారణం దొరుకుతుంది. ఈ ఖర్చుకు నేను మనస్ఫూర్తిగా ఓటేస్తాను.

లూపుల చందాను ఏడాది పొడవునా నడపకండి. స్ప్లైస్ లాంటి చోట పని ఉన్న నెలలో చేరి, క్రెడిట్లన్నీ వాడుకుని, దించుకోవాల్సినవి దించుకుని ఆపేయండి. దించుకున్న శబ్దాలు తర్వాత కూడా మీ పాటల్లో వాడుకోవచ్చు. మిగిలిన క్రెడిట్లు మాత్రం చందా ఆపేస్తే పోతాయి. ఇంకో చిక్కు ఉంది. ఆ లూపు మీ ఒక్కరిదే కాదు, వేలమంది వాడతారు. అలాంటి లూపు స్పష్టంగా వినిపించే పాటను యూట్యూబ్ కంటెంట్ ఐడీలో (ఒకరి పాటను ఇతరులు వాడితే గుర్తుపట్టే వ్యవస్థలో) నమోదు చేయకూడదు. చేస్తే ఇతరుల పాటల మీద మీ పేరుతో తప్పుడు క్లెయిములు పడతాయి. భక్తి గీతాల ఛానల్ నుంచి ఆదాయం ఆశిస్తున్నట్లయితే పల్లవి రాగం, ప్రధాన తాళం మీ సొంతవై ఉండాలి.

చందా పద్ధతిని జీవనాధారమైన సాఫ్ట్‌వేర్‌కు నేను సిఫారసు చేయను. 2023 మార్చిలో ప్లగిన్లు (ప్రధాన సాఫ్ట్‌వేర్‌కు జోడించే అదనపు సాధనాలు) అమ్మే వేవ్స్ సంస్థ శాశ్వత లైసెన్సులు ఆపేసి చందాకే మారుతున్నట్టు ప్రకటించింది. వినియోగదారులు మండిపడటంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. ఆ రోజు వెనక్కి తగ్గింది కానీ, ఏ కంపెనీ ఎప్పుడు నిబంధన మారుస్తుందో మన చేతిలో ఉండదు. చందా ఆగితే పాత ప్రాజెక్టు తెరవలేని పరిస్థితి మీకు రాకూడదు. కొన్ని సింథ్‌లకు వాయిదాల మీద సొంతమయ్యే పద్ధతి ఉంది. వడ్డీ లేకుండా, మధ్యలో ఆపుకునే వీలుంటే మూఢం నెలల్లో అది మీకు నప్పుతుంది.

ఇప్పుడు చేయాల్సింది: ప్రతి పాట డబ్బులో పది శాతం వేరే ఖాతాలో వేయండి. ఏడాదికి 15 వేలు అవుతుంది. నవంబరు చివరి వారం అమ్మకాల్లో చాలా ప్లగిన్లు, లైబ్రరీలు సగం ధరకు దొరుకుతాయి. పుస్తకంలో రాసుకున్న లోటు ఆ జాబితాలో కనిపిస్తే ఆ ఖాతాలోంచి తీసి కొనండి. ఎఫ్‌ఎల్ స్టూడియో లైసెన్సు మాత్రం నవంబరు దాకా ఆపకండి. వచ్చే పెళ్లి పాట అడ్వాన్సు తీసుకునే లోపే కొనేయండి.