యాభై ఏళ్ల తర్వాతి షుగర్ సరే, ఈ నడుము నొప్పి మాత్ర సంగతేంటి?

ప్రశ్న: నా వయసు 27. తొలి కాన్పు, ఇప్పుడు 28వ వారం. రెండు వారాల కిందట స్కానింగ్‌లో బిడ్డ బరువు 820 గ్రాములు, ఉమ్మనీరు 10 అని రాశారు. బిడ్డ కొంచెం చిన్నగా ఉందన్నారు. తల్లి సరిగా తినకపోతే కడుపులోని బిడ్డకు పెద్దయ్యాక షుగర్ వస్తుందని, హాలండ్ కరువు మీద పరిశోధనలో తేలిందని ఒక వీడియోలో చూశాను. మూడో నెల దాకా వాంతులతో నేనేమీ తినలేకపోయాను. మా నాన్నకు షుగర్ ఉంది. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. ప్రొటీన్ పౌడర్ తాగితే ఆ లోటు తీరుతుందా? హిమోగ్లోబిన్ 12.2 నుంచి 10.6కి తగ్గింది. నడుము నొప్పికి నెల రోజులుగా మెడికల్ షాపులో ఇచ్చిన మాత్ర, దాంతో పాటు గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాను. మాత్ర మీద ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ అని ఉంది. పారాసెటమాలే కదా, ఫరవాలేదు కదా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఫరవాలేదు అనలేనమ్మా. హాలండ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ నడుము నొప్పి మాత్ర ఈ పూట నుంచే ఆపండి. ఆపి, మిమ్మల్ని చూస్తున్న డాక్టరుకు ఫోన్ చేసి విషయం చెప్పండి.

మాత్ర మీద రెండు పేర్లున్నాయి. మీరు రెండోది చదివి ధైర్యం తెచ్చుకున్నారు. నాకు భయం మొదటిదాని గురించి. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఇవన్నీ ఒకే జాతి మందులు. మన ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాల తయారీని తగ్గించి నొప్పి తగ్గిస్తాయి. మీకు అవి నొప్పి పుట్టించేవి, మీ బిడ్డకు మాత్రం ప్రస్తుతం వాటితో చాలా పని ఉంది.

కడుపులో బిడ్డ ఊపిరితిత్తులతో శ్వాస తీసుకోదు. ఆక్సిజన్ మాయ నుంచి, బొడ్డుతాడు ద్వారా వస్తుంది. అందుకే గుండె నుంచి ఊపిరితిత్తుల వైపు బయల్దేరిన రక్తంలో ఎక్కువ భాగం ఒక అడ్డదారిలో నేరుగా పెద్ద ధమనిలోకి వెళ్లిపోతుంది. ఆ చిన్న గొట్టం పేరు డక్టస్ ఆర్టీరియోసస్. దాన్ని తెరిచి ఉంచేవాటిలో ముఖ్యమైనవి ఈ ప్రోస్టాగ్లాండిన్లే. పుట్టి ఏడ్చాక, ఒకటి రెండు రోజుల్లో అది దానంతటదే మూసుకోవడం మొదలుపెడుతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్లో మూసుకోకపోతే, పిల్లల డాక్టర్లు దాన్ని మూయడానికి వాడే మందుల్లో ఐబుప్రోఫెన్, ఇండోమెథాసిన్ ఉన్నాయి. అంటే పుట్టాక ఆ దారి మూయడానికి మేం వాడే జాతి మందునే, ఆ దారి తెరిచి ఉండాల్సిన రోజుల్లో మీరు మింగుతున్నారు.

ఇంకోటి ఉమ్మనీరు. 20వ వారం దాటాక ఉమ్మనీటిలో ఎక్కువ భాగం బిడ్డ పోసే మూత్రమే. (ఇది చెబితే ఓపీలో కొందరు మొహం చిట్లిస్తారు, కానీ నిజం.) బిడ్డ దాన్నే మింగుతుంది, మళ్లీ పోస్తుంది, ఊపిరితిత్తులు ఎదగడానికీ ఆ నీరే కావాలి. ఈ జాతి మందులు బిడ్డ కిడ్నీల పని మందగించేలా చేస్తాయి, నీరు తగ్గుతుంది. అమెరికాలోని మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 అక్టోబరులో ఈ కారణంగానే 20 వారాలు దాటినవాళ్లు వీటికి దూరంగా ఉండాలని హెచ్చరించింది. అంతకు ముందు ఆ హద్దు 30 వారాలు. తప్పనిసరై డాక్టరే రాసినా తక్కువ మోతాదు, తక్కువ రోజులు. రెండు రోజులు దాటి వాడితే స్కానింగ్‌లో నీరు చూడమని కూడా చెప్పింది. మీరు నెల రోజులుగా వేసుకుంటున్నారు.

కంగారు పడకండి. ఉమ్మనీరు 10 అంటే మామూలే. కానీ అది రెండు వారాల కిందటి మాట, ఆ తర్వాత కూడా మీరు మాత్ర ఆపలేదు. నీరు తగ్గినా మందు ఆపాక చాలామందిలో మళ్లీ పెరుగుతుంది. అందుకే ఈ వారంలోనే మళ్లీ స్కానింగ్ చేయించుకోండి. నీరు ఎంతుందో, బిడ్డ ఎదిగిందో లేదో చూస్తారు. బిడ్డ గుండె పరీక్ష కూడా కావాలా అనేది చూసిన డాక్టరు చెప్పాలి. మిమ్మల్ని చూడకుండా, రిపోర్టు చేతిలో లేకుండా ఇంతకు మించి నేను చెప్పడం సరికాదు. ఒక జాగ్రత్త: బీపీ ముప్పు తగ్గించడానికి డాక్టరు రాసే తక్కువ మోతాదు ఆస్పిరిన్ వేరే లెక్క. అది వాడుతుంటే ఇది చదివి మానేయకండి.

నొప్పికి మరి? వట్టి పారాసెటమాల్, అదీ డాక్టరును అడిగి, అవసరమైన రోజే. దానివల్ల పిల్లలకు ఆటిజం వస్తుందన్న ప్రచారం మీ వీడియోల్లో ఈసరికే వచ్చి ఉంటుంది. స్వీడన్‌లో సుమారు 25 లక్షల మంది పిల్లల వివరాలు చూసి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే తల్లి పిల్లలను పోల్చినప్పుడు అలాంటి సంబంధం కనిపించలేదు. జెల్ రాసుకుంటాను లెండి అనకండి, చాలా జెల్స్‌లో ఉండేది డైక్లోఫెనాకే. పక్కకు తిరిగి మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకోండి, మడమ ఎత్తు లేని చెప్పులు వేసుకోండి, గోరువెచ్చని కాపడం పెట్టుకోండి. నొప్పి అలల్లా వచ్చి పోతుంటే, కడుపు గట్టిపడుతుంటే, మూత్రంలో మంట, జ్వరం ఉంటే, ఉమ్మనీరో రక్తమో కనిపిస్తే అది మామూలు నడుము నొప్పి కాదు. రాత్రయినా ఆసుపత్రికి వెళ్లండి. బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించినా అంతే, తెల్లారే దాకా ఆగొద్దు.

మెడికల్ షాపతన్ని తిట్టి లాభం లేదు. ఎన్నో నెల అని అతను అడగలేదు, గర్భిణినని మీరూ చెప్పి ఉండరు. మాయ అన్నిటినీ వడకట్టి మంచిదే బిడ్డకు పంపుతుందని ఒకప్పుడు డాక్టర్లే నమ్మేవాళ్లు. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే నిద్రమాత్ర చీటీ లేకుండానే అమ్మారు. వేవిళ్లకూ వాడారు. 1961 చివర్లో అక్కడ అమ్మకాలు ఆపేసరికే చాలా ఆలస్యమైంది. ప్రపంచవ్యాప్తంగా 10 వేల మందికి పైగా పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా లేకుండా పుట్టారు. మీ మాత్ర అలాంటిది కాదు, భయపెట్టడానికి చెప్పడం లేదు. కానీ కౌంటర్ మీద అడిగి తెచ్చుకున్న మాత్ర బిడ్డ దాకా వెళ్తుందని అప్పుడు నేర్చుకున్న పాఠం ఇంకా మన వీధి చివరికి చేరలేదు.

ఇక హాలండ్. 1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం ఆహారం రానివ్వకపోవడంతో అక్కడి పశ్చిమ ప్రాంతంలో మనిషికి రోజుకు వెయ్యి కేలరీల లోపే అందాయి. ఆ రోజుల్లో కడుపులో ఉన్నవాళ్లను యాభై ఏళ్లు వచ్చాక పరీక్షిస్తే, చక్కెరను అదుపులో పెట్టుకునే శక్తి వాళ్లలో తగ్గినట్టు 1998లో తేల్చారు. ఆ తేడా ఎక్కువగా కనిపించింది గర్భం మధ్య, చివరి నెలల్లో కరువు చూసిన తల్లుల పిల్లల్లో. మీ మూడు నెలల వాంతులు కరువు కాదు. ఆ దశలో బిడ్డ చాలా చిన్నగా ఉంటుంది, దానికి కావలసింది కొంచెమే. ఆ దిగులు వదిలేయండి. ఇంకా చెప్పాలంటే, ఊళ్లకు ఊళ్లు పస్తున్న కాలంలో వందలమందిలో కనిపించిన తేడా అది. ఫలానా బిడ్డకు షుగర్ వస్తుందని దాన్నిబట్టి ఎవరూ చెప్పలేరు.

మనకు దగ్గరి పరిశోధన పుణెలో ఉంది. కేఈఎం ఆసుపత్రిలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం అక్కడి పల్లెల్లో పుట్టిన పిల్లలను ఇంగ్లండ్ పిల్లలతో పోల్చింది. మన పిల్లలు సగటున 2.7 కిలోలు, వాళ్లు 3.5 కిలోలు. చూడటానికి సన్నగా ఉన్నా మన పిల్లల్లో కండ తక్కువ, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. కాబట్టి పౌడర్లతో బిడ్డ బరువు పెంచితే పనైపోతుందనుకోకండి. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, ఆకుకూర తినగలుగుతున్నప్పుడు ఆ డబ్బా ఎందుకు?

మీరు అడగని ప్రశ్న ఒకటుంది. మీ షుగర్ పరీక్ష అయిందా? ఉత్తరంలో ఎక్కడా లేదు. 24 నుంచి 28 వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చేస్తారు. మీ నాన్నగారికి షుగర్ ఉంది కాబట్టి అసలు మొదటి విజిట్‌లోనే చేసి ఉండాల్సింది. తల్లికి ఇప్పుడు షుగర్ పెరిగితే బిడ్డ మీద ఆ ప్రభావం ఉంటుంది. దాన్ని అదుపులో పెట్టడం మాత్రం మన చేతిలో పనే. అవకపోతే స్కానింగ్ రోజే చేయించుకోండి.

హిమోగ్లోబిన్: గర్భంలో రక్తంలోని నీటి భాగం దాదాపు సగం మేర పెరుగుతుంది, ఎర్రకణాలు అంతగా పెరగవు, అందుకే కొంత పలచబడుతుంది. అయినా 11 లోపు అంటే రక్తహీనత కిందే చూస్తాం. ఐరన్ మాత్రలు ఎన్ని అన్నది మీ డాక్టరు చెబుతారు. టీతో, కాల్షియంతో కలిపి వేసుకోకండి. రోజూ వేసుకునే గ్యాస్ మాత్ర రకాన్నిబట్టి ఐరన్ ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది, అదీ వాళ్లకు చెప్పండి.

820 గ్రాములంటే 26 వారాలకు సగటు కంటే కొంచెం తక్కువ, అంతే. స్కానింగ్ బరువులో పది శాతం అటూ ఇటూ తేడా సహజం. ఈసారి ఎంత పెరిగిందన్నదే ముఖ్యం.

వెళ్లేటప్పుడు ఆ రెండు మాత్రల స్ట్రిప్పులూ చేత్తో తీసుకెళ్లండి. ఖాళీవైనా సరే. 'ఏవో నొప్పి మాత్రలండీ' అని చెబితే మాకేం అర్థం కాదు.