సంతకం పెట్టేశాక ప్రమాదం జరిగితే ఇక అడిగే హక్కు ఉండదా?

పారాగ్లైడింగ్‌కి ముందు ‘ఏం జరిగినా పూచీ నాదే’ అని సంతకం పెట్టాక కూడా నిర్వాహకుల మీద కేసు వేయొచ్చా అని అడిగారు. వేయొచ్చు. నేను లాయర్ని కాను. కానీ ఒకసారి ప్రాణం మీదికి వచ్చింది కాబట్టి ఈ విషయంలో తెలిసిన లాయర్ల బుర్ర బాగానే తిన్నాను.

నాది టాండెమ్, అంటే ఒకే రెక్క కింద ఇద్దరు. ముందు నేను, వెనక పైలట్. కొండ అంచున మా వెనక ఇంకా ఆరుగురు లైన్లో ఉన్నారు. గాలి పడిపోతుందేమోనని పైలట్‌కి కంగారు, పైగా జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. నాకు హెల్మెట్ పెట్టాడు, ఛాతీ బకుల్ టిక్కుమనిపించాడు, కాళ్ల పట్టీల కోసం వంగాడు. సరిగ్గా అప్పుడే ఒకతను వచ్చి “వీడియో కావాలా సార్?” అన్నాడు. కావాలన్నాను. కెమెరా కర్ర నా చేతిలో ఎలా పట్టుకోవాలో ఇద్దరూ కలిసి రెండు నిమిషాలు నేర్పించారు. ఏ పట్టీ ఎందుకో మాత్రం ఎవరూ చెప్పలేదు.

“పరుగెత్తండి” అన్నాడు పైలట్. మూడడుగులు వేశాను. వెనక పరిచిన వింగ్, అదే మమ్మల్ని మోసే గుడ్డ రెక్క, లేస్తూ భుజాలను గట్టిగా వెనక్కి లాగుతోంది. తాళ్లు సర్దే కుర్రాడు “అన్నా ఆగు, కాళ్లు!” అని అరుస్తూ వచ్చి నా నడుం పట్టుకుని పడేశాడు. ముగ్గురం గడ్డిలో దొర్లాం. చూసుకుంటే రెండు కాలి పట్టీలూ తోకల్లా వేలాడుతున్నాయి. అలాగే లేచి ఉంటే సీట్లోంచి కిందికి జారిపోయి చంకల మీద వేలాడేవాణ్ణి. ఇలా జారిపడి చనిపోయినవాళ్లు ఉన్నారు. అందుకే ఛాతీ పట్టీనీ కాలి పట్టీలనీ కలిపి కుట్టిన హార్నెస్‌లు (ఒంటికి కట్టే పట్టీల సీట్లు) వచ్చాయి. నాకు తొడిగింది అలాంటిది కాదు.

పైలట్ లేచి దుమ్ము దులుపుకుంటూ “గాలి సరిగ్గా లేదు సార్, అందుకే” అన్నాడు! ఈ ఆటలో నాకు ఒళ్లు మండేది ఇక్కడే. గాలికి నోరు లేదు కదా, ప్రతి తప్పూ దాని మీదికి తోసేస్తారు. నిజంగా గాలి చేసేవి ఉన్నాయి, కాదనను. 2007లో ఆస్ట్రేలియాలో ఎవా విష్నియెర్‌స్కా అనే పోటీ పైలట్‌ను ఉరుముల మేఘం 9,900 మీటర్ల పైకి లాక్కుపోయింది. ఆమె బతికింది, అదే రోజు అదే తుఫానులో ఇంకో పైలట్ చనిపోయాడు. అలాంటి ముప్పు ఉంటుందని తెలిసే ఎగిరానని మనం సంతకం పెడతాం, సరే. బకుల్ పెట్టకపోవడం ఏ వాతావరణ శాఖ పరిధిలోకి వస్తుంది?

చట్టం కూడా దాదాపు ఈ గీతే గీస్తుంది. వ్యాపారం చేసేవాడి అజాగ్రత్త వల్ల మనిషి చనిపోయినా గాయపడినా ఏ కాగితమూ ఏ బోర్డూ వాణ్ణి కాపాడలేదని బ్రిటన్ 1977లోనే చట్టం చేసింది. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2007లో, ఈతకొలనులో మునిగిపోయిన ఒక అమ్మాయి కేసులో, ఘోరమైన అజాగ్రత్తకు ముందే రాయించుకున్న మాఫీ చెల్లదంది. మామూలు అజాగ్రత్తకు మాత్రం అక్కడ ఆ కాగితం చాలాసార్లు పనిచేస్తుంది. అందుకే మీరు ఎగిరే చోట చట్టం ఏమంటుందో అడిగి తెలుసుకోండి. అమెరికాలో ఇంకో తమాషా ఉంది. అక్కడ టాండెమ్‌ను శిక్షణ పేరుతోనే అనుమతిస్తారు. సరదాగా ఎగరడానికి వెళ్లినవాడు కూడా కాగితం మీద విద్యార్థే!

ఇన్సూరెన్స్ సంగతి వేరే ఏడుపు. చాలా పాలసీల్లో చీమ తలకాయంత అక్షరాల్లో సాహస క్రీడలకు వర్తించదని ఉంటుంది. నా పాలసీలోనూ ఉంది. ఇంటికొచ్చాక చూశాను.

నాకు పెద్ద దెబ్బలేమీ తగల్లేదు కాబట్టి కేసు దాకా వెళ్లలేదు. పట్టీలు పెట్టించుకుని, రెండుసార్లు లాగి చూసుకుని, మళ్లీ ఎగిరాను కూడా. సాయంత్రం వీడియోకి డబ్బులు కట్టి తీసుకున్నాను. మొదటి పది సెకన్లలో నేను పళ్లికిలిస్తూ చెయ్యి ఊపుతున్నాను, కింద రెండు పట్టీలూ ఊగుతున్నాయి. సంతకం పెట్టిన కాగితం వాళ్ల దగ్గరుంది. వీడియో నా దగ్గరుంది.