అల్లుడూ, బీచ్‌కి కొత్త షూ కొనకు

అల్లుడూ, నీ మెసేజ్ చూసాను, గోపాల్‌పూర్ బీచ్‌లో ఆర్మీ భర్తీ ర్యాలీ కోసం పరిగెడతాను ఏ షూ కొనమంటావు మావయ్యా అని నాలుగు ఫోటోలు పెట్టావు, నాలుగూ నాలుగు వేల పైమాటే. ఒక్కటీ కొనకు. ఇంట్లో పాత రోడ్డు షూ ఉంది కదా, అదే బీచ్‌కి. ఉప్పునీళ్ళు తగులుతూ ఉంటే ఎంత ఖరీదు షూకైనా గమ్ వదలొచ్చు, కొత్తదాన్ని తీస్కెళ్ళి అక్కడ పాడుచేసుకోడం దేనికి చెప్పు. కాకపోతే ఆ పాతదాన్ని ఒకసారి బల్ల మీద పెట్టి వెనకనుంచి చూడు, మడమ ఒకవైపే అరిగిపోయి పక్కకి వాలిపోయుంటే మాత్రం పారేయ్, అది మోకాలికి దెబ్బ.

అసలు షూ కంటే ముందు చూడాల్సింది ఇసక. పైన పొడి ఇసకలో పరిగెడితే గట్టి నేల మీద కంటే దాదాపు 1.6 రెట్లు శక్తి పోతుందని కొలిచి చెప్పారు, పైగా మడమ దిగిపోతుంది కదా, పిక్కలు, మడమ వెనక నరం బాగా లాగేస్తాయి. నువ్వు అలలు వెనక్కెళ్ళిన చోట తడిసి గట్టిపడిన పట్టీ మీద పరిగెత్తు. ఆ పట్టీ వెడల్పుగా కావాలంటే పాటు టైములో, అంటే సముద్రం బాగా వెనక్కి తగ్గినప్పుడు వెళ్ళాలి, ఆ టైము రోజుకి ఓ 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది, అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్ళు ఇంకా దూరం పోతాయి. యాప్ చూస్తావో, పడవల దగ్గర నోలియాల్ని, అదే అక్కడి జాలర్లని అడుగుతావో నీ ఇష్టం, వాళ్ళు మన తెలుగే మాట్లాడతారు, భయం లేదు.

ఇంకోటి, ఎవరూ చెప్పరిది. బీచ్ సముద్రం వైపు వాలి ఉంటుంది. పోర్టు వైపు వెళ్తుంటే సముద్రం కుడిపక్కనుంటుంది, అంటే కుడికాలు కిందకి, ఎడమకాలు పైకి, అలా ఒకే వైపు పరిగెత్తి ఆటోలో తిరిగొచ్చేవనుకో తుంటి దగ్గరా మోకాలి పక్కనా నొప్పి మొదలవుతుంది. ఎంత దూరం వెళ్ళావో అంతా పరిగెత్తే వెనక్కి రా. ఎప్పుడైనా గంజాం వైపు ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దాకా పోతే ఫిబ్రవరి, మార్చిలో రాత్రుళ్ళు టార్చి వేసుకుని పరిగెట్టకు, తాబేళ్ళు గుడ్లు పెట్టడానికొస్తాయి.

మరి నోలియా కుర్రాళ్ళు ఉత్తకాళ్ళతో పరిగెడుతున్నారు కదా అంటావు. వాళ్ళవి చిన్నప్పట్నించి ఆ ఇసకలో వలలు లాగిన కాళ్ళురా, నీవి బరంపురం రోడ్ల మీద షూలో పెరిగినవి. కావాలంటే పరుగంతా అయ్యాక చివర్లో తడి ఇసక మీద ఓ ఐదు నిమిషాలు, మర్నాడు పిక్క పట్టకపోతే మెల్లగా పెంచు. అదీ బాగా తెల్లారాకే. పడవల చుట్టూ గాలాలు, వల ముక్కలు, గాజుపెంకులు ఉంటాయి. బళ్ళ దగ్గర పొడి ఇసకలో అసలు వద్దు, కుక్కలు పాడుచేసిన చోట పురుగు చర్మంలో దూరి వంకర గీతలా దురద పెడుతుంది, దానంతటది తగ్గడానికి వారాలు పడుతుంది, డాక్టర్ మందిస్తే తొందరగా తగ్గుతుంది. తెగిందంటే కడిగేసి టీటీ ఇంజెక్షన్ చూస్కో.

పాతది పనికిరాక కొనాల్సే వస్తే పైన జల్లెడలాంటి మెష్ ఉన్నది వద్దు, ఇసకంతా లోపలే. దగ్గరగా నేసిన గుడ్డ చూడు. ఇప్పుడు ఫ్యాషన్‌గా వస్తున్న ఎత్తు మెత్తటి సోల్ ఇసకలో ఊగుతుంది, చీలమండ మడతపడుతుంది. పల్చటి కాన్వాస్ షూ చవకే గానీ దాంతో రోజూ పరుగు కాదు. సాయంత్రం వెళ్ళి కొను, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, ముందు చేతి బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉండాలి. సాక్సులు కాటన్ కాకుండా నైలాన్‌వి తీసుకో, తడిసిన కాటన్‌లో ఇసక చేరితే బొబ్బలే.

వచ్చాక మంచినీళ్ళతో కడిగి, లోపలి అట్ట తీసేసి, పేపరు కుక్కి నీడలో పెట్టు. ఎండలో పెట్టకు.

ఇంక బీచ్ వారానికి రెండ్రోజులు చాలు. ఆర్మీ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు కొడితేనే ఫుల్ మార్కులు, అది గట్టి గ్రౌండ్ మీద. మిగతా రోజులు గ్రౌండ్‌లోనే చెయ్యి. దాచిన డబ్బులతో ర్యాలీకి ఒక మంచి జత కొందాం, కొన్ని వారాల ముందే, కాలికి అలవాటవ్వాలి కదా. రెండు పాదాలూ పేపరు మీద పెట్టి గీత గీసి ఫోటో పంపు, పెద్ద పాదం ఏదో చూసి సైజు చెప్తాను.